మోటారు వేయాల్సింది మధ్యాహ్నం పన్నెండింటికి

పొద్దున్న ఆరున్నరకు హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంట్ల సందులోకి వెళ్లినా సంపు మోటార్ల మోతే. అదే సమయానికి గీజర్లు, మిక్సీలు. సాయంత్రం ఏడింటికి మళ్లీ అదే వరస, పైగా ఏసీలు. సోలార్ కరెంటు దండిగా ఉండే మధ్యాహ్నం మాత్రం మోటారు ఊరికే పడి ఉంటుంది. ఇది నాకు అస్సలు మింగుడుపడదు.

ఉక్కపోసినప్పుడే ఫ్యాను తిరగాలి, ఆకలేసే వేళకే అన్నం ఉడకాలి. కానీ నీళ్లు ట్యాంకులోకి ఎప్పుడు ఎక్కాయో కుళాయి తిప్పేవాళ్లకు అనవసరం. ఎవరికీ ఇబ్బంది లేకుండా వేళ మార్చుకోగల కరెంటు వాడకం మన బిల్డింగుల్లో ఉందంటే ముందు ఇదే.

ఇరవై వేల లీటర్లను ముప్పై మీటర్ల ఎత్తుకు ఎక్కించడానికి కాగితం మీద 1.6 యూనిట్ల కరెంటు చాలు. మోటారులో, పంపులో, పైపుల్లో సగానికి పైగా పోతుంది కాబట్టి నాలుగు దాకా అవుతుంది. ఒక్క బిల్డింగుకు చిల్లర లెక్కే. పదివేల బిల్డింగుల్లో 5 హెచ్‌పీ మోటార్లు ఒకేసారి తిరిగితే 37 మెగావాట్లు దాటుతుంది. శ్రీశైలం ఎడమగట్టు జలవిద్యుత్ కేంద్రంలో 150 మెగావాట్ల టర్బైన్లు ఆరింటిని కట్టింది, డిమాండ్ తగ్గినప్పుడు నీళ్లు వెనక్కి ఎత్తిపోసి పీక్‌లో, అంటే వాడకం బాగా పెరిగే వేళ, కరెంటు తీయడానికి కూడా. మన మేడ మీది ట్యాంకు కరెంటు తిరిగి ఇవ్వలేదు గానీ, పీక్‌లో అడగకుండా ఉండగలదు. ఆ వేళకు గ్రిడ్‌కు అదీ సాయమే. ఆంధ్రాలో వ్యవసాయ మోటార్లకు పగలు 9 గంటల సరఫరా పెడితే రైతులు సర్దుకున్నారు. మనకేం అడ్డం?

అడ్డం లెవల్ కంట్రోలర్. అది నీటిమట్టం చూస్తుంది, టైము చూడదు. ట్యాంకు కాస్త తగ్గగానే, రాత్రి ఎనిమిదైనా సరే, మోటారు ఆన్. దానికో టైమర్ తగిలించి, పదకొండు నుంచి మూడు దాకా నిండుగా నింపమని, మిగతా వేళల్లో పావు ట్యాంకుకు పడిపోతేనే ఆన్ కమ్మని పెట్టాలి. "మరి నీళ్లయిపోతే?" అని మీటింగులో అడిగే పెద్దాయనకు జవాబు ఆ పావు ట్యాంకే. రోజుకు సరిపడా ట్యాంకు లేని బిల్డింగుల్లో కొంత భాగమే జరుగుతుంది, అదీ మేలే. ఫైర్ ట్యాంకు జోలికి వెళ్లే పనే లేదు. వాచ్‌మన్ మోటారు కోసం చీకట్లో లేవక్కర్లేదు.

ఇక డిస్కంలు, అంటే మనకు కరెంటు సరఫరా చేసే సంస్థలు. 2023లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం సోలార్ వేళల్లో రేటు కనీసం 20 శాతం తగ్గాలి, పీక్‌లో ఇళ్లకు కనీసం 10 శాతం పెరగాలి. వ్యవసాయం తప్ప మిగతా అందరికీ 2025 ఏప్రిల్ 1 గడువు. మోటారు లాంటి ఉమ్మడి వాడకానికి ఉన్న మా కామన్ మీటరుకు ఇంకా రోజంతా ఒకటే రేటు. ఏ వేళ ఎంత వాడామో లెక్కగట్టే స్మార్ట్ మీటర్లు లేవంటారు. సరే, ఇంటింటికీ తర్వాత పెట్టండి, ముందు అపార్ట్‌మెంట్ల కామన్ మీటర్లు మార్చండి. బిల్డింగుకు ఒక్కటి చాలు. ఆ రేటు తేడా బిల్లులో కనబడిన నెలే ప్రతి అసోసియేషనూ టైమర్ కొంటుంది.