రెండు పాయింట్ నాలుగు

మా బావగారు స్టీల్ ప్లాంటులో చేసి రిటైరయ్యారు. ఈ మాట వినగానే అందరూ ఆయన్ని కొలిమి మంటల ముందు, హెల్మెట్‌తో ఊహించుకుంటారు. ఆయన చేసింది అకౌంట్స్‌లో. ఉక్కుతో ఆయన పరిచయమంతా కాగితం మీద, టన్నుల్లో. కాకపోతే లెక్కలో పైసా తేడా వస్తే ఆ రాత్రి అన్నం సయించని మనిషి. అలాంటాయన పూర్ణా మార్కెట్లో మంచం బోల్టు అడిగితే, షాపతను "సైజెంతండి?" అన్నాడు. ఈయన బొటనవేలూ చూపుడువేలూ ఎడంగా పెట్టి "ఇంత" అని చూపించాల్సి వచ్చింది. అతను నవ్వలేదట. నవ్వకుండా ఆ వేళ్ల వంకే చూస్తూ ఉండిపోయాడట. అది మా బావగారు తట్టుకోలేకపోయారు.

సాయంత్రం ఫోన్. "ఏమోయ్, డిజిటల్ కాలిపర్ కొంటున్నాను. ఏది మంచిదో కనుక్కో."

ఇంటర్ సైన్సు చదివిన ప్రతివాడికీ దీని తాతగారు పరిచయమే. ఫిజిక్స్ ల్యాబ్‌లో అడుగుపెట్టగానే చేతిలో పెట్టేది వెర్నియర్ కాలిపర్సే. పియేర్ వెర్నియర్ అనే ఫ్రెంచి ఆయన 1631లో ఆ జారుడు స్కేలుని లోకానికి ఇచ్చాడు. దాంతో ఏమీ కొలవకుండానే పక్కవాడి రికార్డులోంచి రీడింగులు దింపే విద్యని మనం కనిపెట్టుకున్నాం. వస్తువుని రెండు దవడల మధ్య పట్టి మందమో వ్యాసమో కొలిచే పరికరం అది. డిజిటల్ రకంలో ఏ గీత ఏ గీతతో కలిసిందా అని కళ్లు చికిలించక్కర్లేదు. తెర మీద అంకె వచ్చేస్తుంది. అంకె కనిపిస్తే చాలు, మా బావగారికి ఎక్కడలేని నమ్మకం.

ఆటోనగర్‌లో నాకు తెలిసిన లేత్ మేస్త్రి ఒకాయన ఉన్నాడు. ఆయన దగ్గరో పాత మిటుటోయో, అంటే జపాన్ కంపెనీ కాలిపర్, ఉంది. దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వడు, చూడనిస్తాడంతే. ఇద్దరం అక్కడికి వెళ్లాం. బావగారు పాత లెడ్జర్ పుస్తకంలో మోడళ్లన్నీ రాసుకొచ్చారు, ఎర్ర ఇంకుతో గళ్లు గీసి మరీ.

"వందల్లో దొరికేదీ 0.01 మిల్లీమీటరే చూపిస్తోంది, వేలు పోసేదీ 0.01 మిల్లీమీటరే చూపిస్తోంది. మరి ఎక్కువెందుకు పెట్టాలి?" అన్నారు.

"చూపిత్తాది బాబూ. చూపించిందల్లా నిజమేటి?" అన్నాడు మేస్త్రి.

చెప్పుకోవాలంటే మొత్తం బేరమంతా ఈ ఒక్క ప్రశ్నలోనే ఉంది. మంచి స్టీలు కాలిపర్, 150 మిల్లీమీటర్లది, అటూ ఇటూ 0.02కి మించి తప్పదని తయారీదారు హామీ ఇస్తాడు. ప్లాస్టిక్ రకాల్లో ఆ తేడా 0.1, 0.2 దాకా పోతుంది, తెర మీద మాత్రం అదే ధీమా. గోడగడియారంలో సెకన్ల ముల్లు టకటకా తిరుగుతూనే ఉంటుంది, టైము మాత్రం పది నిమిషాలు వెనక. అలాగన్నమాట.

కొనేముందు చూడాల్సినవి మేస్త్రి చేసి చూపించాడు. దవడలు మూసి లైటుకి ఎదురుగా పట్టుకోవాలి, సందులోంచి వెలుగు కనిపించిందంటే అక్కడే వదిలేయాలి. తెరిచి, మూసి, మళ్లీ తెరిచి మూస్తే ప్రతిసారీ సున్నాకే రావాలి. తర్వాత డబ్బాలోంచి 6202 బేరింగు ఒకటి తీశాడు. సీలింగ్ ఫ్యాన్లలో ఉండేదే. బయట 35, లోపల 15, మందం 11 మిల్లీమీటర్లు. బేరింగులు మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతుల) తేడాతో తయారవుతాయి కాబట్టి ఇంతకన్నా చవకైన పరీక్ష లేదు. "ఇది ముప్పై అయిదు చూపించకపోతే తప్పు బేరింగుది కాదు" అని, దాన్ని తుడిచి బావగారి చేతిలో పెట్టాడు. పక్కవాళ్లకి పెళ్లిపిల్లని చూపించినంత గంభీరంగా ఆయన అందుకున్నారు.

బ్యాటరీ సంగతి కూడా చెప్పాడు. చవకవాటిలో ఆఫ్ నొక్కితే ఆరిపోయేది తెర మాత్రమే, లోపల సర్క్యూట్ బ్యాటరీని తాగుతూనే ఉంటుంది. ఎల్‌ఆర్44 అనే మామూలు ఆల్కలైన్ బిళ్ల బ్యాటరీ బదులు సిల్వర్ ఆక్సైడ్ ఎస్‌ఆర్44 వేస్తే ఎక్కువ కాలం నిలకడగా పనిచేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, చెమట తగలనివ్వకూడదు. స్కేలు మీది స్టిక్కరు కింద రాగి పట్టీలుంటాయి, వాటికీ జారే ముక్కకీ మధ్య ఏర్పడే విద్యుత్తుని దాచుకునే గుణాన్ని, అంటే కెపాసిటెన్స్‌ని బట్టి కొలత తెలుస్తుంది. మధ్యలో తడి చేరితే అంకెలకి పూనకం వస్తుంది. విశాఖపట్నంలో చెమట పట్టకుండా ఏదైనా పట్టుకోవాలంటే అది జనవరి అయినా అయ్యుండాలి, ఏసీ గదైనా అయ్యుండాలి. మేము వెళ్లింది మే నెలలో.

మొత్తానికి నడిమి ధరలో స్టీలుది ఒకటి కొన్నారు. బోల్టు కొలిచారు. 7.86. నేరుగా పూర్ణా మార్కెట్‌కి వెళ్లి తలెత్తుకుని "ఏడు పాయింట్ ఎనిమిది ఆరు బోల్టు ఇవ్వు" అన్నారు. షాపతను ఈసారీ నవ్వలేదు. ఎనిమిదో నంబరు బోల్టు తీసిచ్చాడు. "నట్టులో దూరాలి కదండీ, కాస్త తక్కువే ఉంటది" అన్నాడు.

అంతటితో మంచం కుదుటపడింది, ఇల్లు కదిలిపోయింది. కొలతలకి ప్రపంచమంతా ఒప్పుకున్న ఉష్ణోగ్రత 20 డిగ్రీలని ఆయన ఎక్కడో చదివారు. ఏసీ 20లో పెట్టి తలుపులు బిగించారు. 35 డిగ్రీల ఎండలో 100 మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీ 0.017 సాగుతుందని మా అక్కకి లెక్క కట్టి చూపించారు. "సాగితే సాగనివ్వండి, నాకు చలేస్తోంది" అంది అక్క. చివరికి మేస్త్రికే ఫోన్ చేసి తీర్పు అడిగారు. "బోల్టూ ఉక్కే, కాలిపరూ ఉక్కే. రెండూ కలిసే సాగుతాయి బాబూ. బేగి ఏసీ కట్టేయండి, కరెంటు దండగ."

తర్వాత దోసె వంతు. మొదట 2.31, ఇంకాస్త నొక్కితే 1.80. రెండింటికీ సగటు తీద్దామనేలోగా అక్క పళ్లెం లాక్కుంది.

ఇలా శ్రావణమాసం వచ్చింది. వరలక్ష్మీ వ్రతానికి అక్కకి చెప్పకుండా మట్టిగాజులు తేవాలని ఆయనకి ముచ్చట పుట్టింది. రాత్రి అందరూ పడుకున్నాక ఆవిడ పాత గాజు ఒకటి తీసి, కాలిపర్ పైన ఉండే చిన్న దవడలు లోపల ఆనించి, అటూ ఇటూ కదిపి, అన్నిటికన్నా ఎక్కువ వచ్చిన చోట ఆపారు. 60.32. గాజుల సైజులు అంగుళాల్లో ఉంటాయని తెలుసు కాబట్టి బటన్ నొక్కి మార్చారు. 2.3750. ఇంతవరకూ ఆయన్ని ఏమీ అనడానికి లేదు.

మర్నాడు నేను బండి పెట్టడానికి చోటు వెతుక్కుంటూ ఉండగానే ఆయన గాజుల కొట్టులో పని కానిచ్చేశారు. తర్వాత ఆయనే చెప్పారు.

"రెండు పాయింట్ మూడు ఏడు అయిదు ఉందా?"

"అలాటివి నేవు బాబూ. రెండు నాలుగున్నాయి, రెండు ఆరున్నాయి."

అంకెల్ని సవరించడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. 2.375కి దగ్గరిది 2.4. మహా అయితే అర మిల్లీమీటరు పైచిలుకు వదులవుతాయి, వేసుకోవడానికి ఇంకా సుఖం. ఎరుపొక డజను, ఆకుపచ్చొక డజను.

వ్రతం రోజు పొద్దున్న గాజు కణుపుల దగ్గర ఆగిపోయింది. సబ్బు రాశారు, కొబ్బరినూనె రాశారు, చేతికి ప్లాస్టిక్ కవరు తొడిగి లాగారు. ఒక ఎర్రగాజు చిట్లింది.

"అంటే నా చెయ్యి లావయిందంటారా?" అంది అక్క.

"అంకె ప్రకారం వదులవ్వాలే" అన్నారు బావగారు. అది జవాబు కాదని ఆయన తప్ప గదిలో అందరికీ తెలిసింది.

కొత్త గాజు కొలిచారు. 57.15. మూడు మిల్లీమీటర్లు పైగా తక్కువ! సున్నా చేసి మళ్లీ కొలిచారు. బ్యాటరీ మార్చారు. మేస్త్రి ఇచ్చిన బేరింగు తెచ్చి చూశారు, 35.00. అంటే పరికరం తప్పు కాదు. అక్క చేతిని అనుమానించే ధైర్యం ఎవరికీ లేదు. మిగిలింది కొట్టావిడ.

సాయంత్రం ముగ్గురం వెళ్లాం. పోట్లాటకి నోరు తెరిచిన బావగారు ఆవిడ వెనక అలమరా వైపు చూసి అలాగే నిలబడిపోయారు. అరల మీద వరసగా చీటీలు. 2.2, 2.4, 2.6, 2.8, ఆ తర్వాత 2.10.

"ఎనిమిది తర్వాత పదా? 2.8 కంటే 2.10 పెద్దదా?" ఆయన గొంతు వణికింది. ఆడిట్‌లో కూడా ఆయన్ని అలా చూడలేదు.

"పెద్దదే కదా బాబూ. అంగుళానికి పదారణాలు."

ఆ చుక్క దశాంశం కాదు. పక్కనున్నది పదహారో వంతుల లెక్క. రెండు నాలుగంటే రెండుంబావు అంగుళాలు. రెండు ఆరంటే రెండూ, పదహారింట ఆరు. భాగించి చూస్తే సరిగ్గా 2.375. ఆయన అడిగిన గాజు, అడిగిన కొలతలోనే, ఒక అర పక్కన ఉంది.

ఆవిడ ఈలోగా మా అక్క చెయ్యి పట్టుకుని, బొటనవేలు లోపలికి మడిచి, కణుపుల దగ్గర ఒక్కసారి నొక్కింది. "రెండు ఆరమ్మా" అంటూనే తొడగడం మొదలెట్టింది. బావగారు జేబులోంచి కాలిపర్ తీయబోతే అక్క చూసిన చూపుకి అది మళ్లీ జేబులోకే పోయింది.

ముందు కొన్న గాజులు వెనక్కి తీసుకోవడానికి కొట్టావిడ ఒప్పుకుంది, చిట్లిన దాని డబ్బులు మాత్రం ఇవ్వనంది. "ఇరవై నాలుగింట్లో ఒకటి పోయింది, అంటే 4.17 శాతం..." అని బావగారు మొదలెట్టారు.

"శాతం గీతం నాకు తెల్దు బాబూ. పది రూపాయలియ్యండి" అంది ఆవిడ.

అక్క పర్సు తీసి పది రూపాయల బిళ్ల ఇచ్చింది. "దాని వ్యాసం 27 మిల్లీమీటర్లు" అన్నారు బావగారు, ఎవరూ అడక్కపోయినా.