సాయంత్రానికి దవడ ఎందుకు లాగుతుంది?

నిద్రలో పళ్లు కొరికేవాళ్ల సంగతి మన ఇళ్లలో అందరికీ తెలుసు. పిల్లలైతే నులిపురుగులని అమ్మమ్మలు తేల్చేస్తారు కూడా (దానికి గట్టి రుజువేమీ లేదనుకోండి). కానీ పట్టపగలు, మెలకువలోనే, పని చేసుకుంటూ పై పళ్లనీ కింది పళ్లనీ అదిమిపెట్టి ఉంచేవాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు. అందులో చప్పుడుండదు, పక్కవాళ్లకి వినపడదు, అసలు చేసేవాళ్లకే తెలీదు.

దవడ ఊరికే ఉన్నప్పుడు పళ్లు ఒకదానికొకటి తగలకూడదు. పెదాలు మూసి ఉన్నా లోపల రెండు వరసల మధ్య 2 నుంచి 4 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది. నమలడం, మింగడం అన్నీ కలిపినా రోజు మొత్తంలో పళ్లు తగిలేది సుమారు 20 నిమిషాలేనని దంతవైద్యులు చెబుతుంటారు. గట్టిగా కొరకక్కర్లేదు, ఊరికే ఆనించి ఉంచినా చాలు, చెంపలోని మాసెటర్ కండరం, కణత దగ్గరి టెంపొరాలిస్ కండరం డ్యూటీలో ఉన్నట్టే. గంటల తరబడి అలా ఉంటే అవి అలసిపోతాయి, సాయంత్రానికి కణతలు లాగుతాయి, చెవి ముందు సలుపుతుంది, అన్నం నమలాలన్నా విసుగొస్తుంది.

గోదావరి డెల్టాలో పని తీరు చూస్తే ఇది ఇక్కడ వద్దన్నా వచ్చేలా ఉంది. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు రొయ్యల రైతుకి ఒంటి కష్టం కంటే కాపలా కష్టమే ఎక్కువ. కరెంటు పోతే చెరువు నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లు ఆగుతాయి, జనరేటర్ మొరాయిస్తే తెల్లారేసరికి నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి రొయ్యలు పైకి తేలతాయి, అన్నీ బాగుండి పట్టుబడికొచ్చేసరికి కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ధర దిగుతుంది. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు ఫోన్ తీసి ధర చూసిన ప్రతిసారీ ఆ రైతు దవడ ఎలా ఉండి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

అలాంటి మనిషికి ‘టెన్షన్ తగ్గించుకోండి’ అని సలహా ఇచ్చి పంపేస్తారు. నాకు పేచీ అక్కడే. లక్షల రూపాయలు నీళ్లలో పోసి కూర్చున్నవాడికి అది సలహా ఎలా అవుతుంది? పైగా టెన్షన్ ఒక్కటే కారణం కాదు. నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో లేసు అల్లే ఆడవాళ్లని చూడండి. మనసు ప్రశాంతంగానే ఉండొచ్చు, పక్కావిడతో కబుర్లూ నడుస్తుండొచ్చు, కానీ తల వంచి సన్నటి దారం మీద చూపు నిలిపితే చాలామందికి పళ్లు వాటంతటవే కలుస్తాయి. ఇది మనం దృష్టి పెట్టే తీరులో ఉన్న అలవాటు. మనసుని మార్చడం కంటే అలవాటుని పట్టుకోవడం తేలిక.

జరిగేది మాత్రం వేరు. చెవి నొప్పనుకుని ఒక డాక్టరు, పన్ను పుచ్చిందేమోనని ఇంకో డాక్టరు, చివరికి రాత్రి పళ్లకి తొడుగులా పెట్టుకునే గార్డు. గార్డు పళ్లు అరగకుండా కాపాడుతుంది, నిజమే, కానీ పగలంతా బిగిసిన కండరానికి అది విశ్రాంతి ఇవ్వలేదు. నొప్పి నిద్ర లేవగానే ఉంటే రాత్రి అలవాటుని అనుమానించాలి, పొద్దు గడిచేకొద్దీ పెరిగితే పగటి అలవాటుని. 2018లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఈ రెండింటినీ వేర్వేరుగా నిర్వచించింది, మిగతా ఆరోగ్యం బాగున్నవాళ్లలో దీన్ని జబ్బుగా కాక ఒక ప్రవర్తనగా చూడాలంది. అలాంటప్పుడు దీనికోసం పళ్లు అరగదీసి పై పళ్లూ కింది పళ్లూ కలిసే తీరు సరిచేస్తామంటే వెంటనే ఒప్పుకోకండి, అరిగిన పన్ను మళ్లీ రాదు.

చెయ్యాల్సింది ఖర్చులేని పని, కాకపోతే ఓపిక కావాలి. ‘న’ అని చూడండి. నాలుక కొన పై పళ్ల వెనక చిగురుకి ఆనుతుంది, పళ్లు విడిపోతాయి. నాలుకని అక్కడే ఉంచి పెదాలు మెల్లగా మూసుకోండి. దీన్ని ఏదో ఒక పనికి ముడిపెట్టుకోవాలి, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకెత్తిన ప్రతిసారీ, ఫోన్ లాక్ తీసిన ప్రతిసారీ, లేసులో ఒక వరస పూర్తయిన ప్రతిసారీ ‘పళ్లు తగులుతున్నాయా?’ అని చూసుకోవడం. పరిశోధకులు కూడా ఫోన్ యాప్‌తో రోజుకి చాలాసార్లు ఇదే ప్రశ్న అడిగి లెక్కలు తీస్తారు. మొదటి వారం ఎన్నిసార్లు దొరికిపోతారో చూసి కంగారు పడకండి. గోరువెచ్చటి కాపడం హాయినిస్తుంది. దవడకి ఎక్సర్‌సైజని బబుల్‌గమ్ నమిలేవాళ్లున్నారు, అలసిన కండరానికి అది అదనపు చాకిరీ.

డిప్రెషన్‌కి వాడే కొన్ని మందుల వల్ల కూడా దవడ బిగుస్తుంది, సొంతంగా మానేయకుండా రాసిన డాక్టరుకి చెప్పండి. వక్క, గుట్కా నమిలేవాళ్లకి నోరు తెరుచుకోవడం తగ్గుతూ వస్తుంటే అది ఈ అలవాటు కాదు, నోటి లోపలి పొర గట్టిపడే సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ కావచ్చు, క్యాన్సర్‌కి దారితీసే అవకాశం ఉంది కాబట్టి ఆలస్యం చెయ్యకూడదు. ఇక గట్టు మీద నడుస్తుంటే దవడ నొప్పితో పాటు చెమటలు పట్టి ఛాతీ బరువెక్కిందంటే పళ్ల డాక్టరు దగ్గరికి కాదు, గుండెకి చూసే ఆస్పత్రికి వెళ్లాలి, అదీ అప్పటికప్పుడే.