రివర్బ్ గారూ, మాట వినపడనివ్వండి

రివర్బ్ గారికి,

నమస్కారమండీ. స్టూడియోలో గొంతుకి ప్రతిధ్వని తగిలించే ఎఫెక్ట్ మీరేగా, ఈమధ్య మీరు పాడిన ఆల్బమ్ ఒకటి విన్నాను. కవర్ మీద ఎవరో అమ్మాయి పేరుంది గానీ మొదటి పాట నుంచి చివరిదాకా వినపడింది మీరే కాబట్టి ఉత్తరం మీకే రాస్తున్నా. ఎక్స్‌పెరిమెంటల్ ఫోక్ అంట, ఎంకి పాటల స్ఫూర్తి అంట. మంచిదే. నండూరి సుబ్బారావు గారు పల్లె యాసలో ఎంకినీ నాయుడుబావనీ రాస్తే అప్పట్లో పండితులు ఇదీ ఒక కవిత్వమేనా అని విరుచుకుపడ్డారు, పాపం వాళ్ళకి మీ అడ్రస్ తెలీదు, తెలిసుంటే అన్ని విమర్శలు రాసుకునే శ్రమ తప్పేది, ఒక్క మాట కూడా చెవిన పడకుండా మీరే చూసుకునేవారు.

ఎంకి పాటలో గుండె గొంతుకలోన కొట్లాడాలి కదండీ, మీ దగ్గర 'ఉండే ఓంతూ ఓనా ఆఆది' అయింది. వంటింట్లోంచి మా పెద్దమ్మ "ఎవరికిరా ఒంట్లో బాలేదు" అంది. మన మాటలు ఎక్కువగా అచ్చుతోనే ఆగుతాయి, ఆ అచ్చుని మీరు నాలుగైదు సెకన్లు సాగదీస్తే అదెళ్ళి తర్వాతి మాట నెత్తిన కూర్చుంటుంది, ఇంక ఒత్తులెక్కడ బతుకుతాయి?

పైగా కెథడ్రల్ ప్రీసెట్, అంటే పెద్ద చర్చిలో పాడినట్టు మోగించే రెడీమేడ్ సెట్టింగ్! వరిచేలో నిలబడి కేకేస్తే మాట తిరిగొస్తుందాండీ? రాదు, అలా పోతుంది. మా గోదావరి వైపు పాటని తీసుకెళ్ళి యూరప్ చర్చిలో నిలబెట్టి దీనికి ఫోక్ అని పేరు. విజయవాడ రేడియోలో శ్రీరంగం గోపాలరత్నం గారు ఇవే పాటలు పాడితే ప్రతి అక్షరం చెవిలో పడేది, అప్పటి రేడియో సెట్లో కూడా.

ప్రయోగం వద్దనట్లేదు. నాలుగో పాటలో రోకటి దరువు మీద చెల్లో, అదే ఆ పెద్ద వయొలిన్ లాంటి వాద్యం, పెట్టారు, ఆహా, నిజంగా ఒళ్ళు పులకరించింది, ఆ రోజు మీరు సెలవులో ఉన్నారనుకుంటా.

మీ పక్కనే ప్రీ-డిలే అని ఓ నాబ్ ఉంటుంది, దాన్ని కాస్త పెంచితే ముందు మాట వెళ్ళిపోతుంది, వెనకాల మీరు తీరిగ్గా రావచ్చు. కుదరదంటారా, వచ్చే ఆల్బమ్‌కి కవి దాకా ఎందుకు, 'రివర్బ్ స్ఫూర్తితో' అని అచ్చేయించండి.

ఇట్లు,
లిరిక్స్ షీట్ చేత్తో పట్టుకుని తెలుగు పాట విన్న తెలుగోడు