సబ్‌టైటిల్‌కు యాస వినిపించదు

ఎక్కువగా స్పానిష్‌లో సాగే ‘ఎమీలియా పెరెజ్’ సినిమాకు 13 ఆస్కార్ నామినేషన్లు వచ్చినప్పుడు మెక్సికోలో జనం ఎందుకంత మండిపడ్డారో మనవాళ్లలో చాలామందికి అంతుపట్టలేదు. దర్శకుడు జాక్ ఓడియార్‌ది ఫ్రాన్స్, షూటింగ్ ఎక్కువ భాగం పారిస్ దగ్గరి స్టూడియోలో, కథ మాత్రం మెక్సికోది. ఈ గొడవంతా అందరూ చదివిందే. డ్రగ్ ముఠాల కథకు పాటలు కట్టడం తప్పా ఒప్పా అన్న చర్చ నాకు పెద్దగా పట్టదు. నాకు పట్టింది ఒక్కటే. అందులో నటించిన అమెరికా గాయని, నటి సెలీనా గోమెజ్ స్పానిష్‌లో నోరు విప్పిన ప్రతిసారీ మెక్సికో ప్రేక్షకుడు ఉలిక్కిపడ్డాడు. స్పానిష్ రాని హాలీవుడ్ ఓటరుకు చీమ కుట్టినట్టయినా లేదు. అతను ఆమె మాట వినలేదు మరి, కింద అక్షరాలు చదువుకున్నాడు.

భాష రాని సినిమాలో నటన గురించి మనం ఇచ్చే తీర్పుల్లో సగం చెల్లవు. కళ్లకు, చేతులకు, నడకకు మార్కులు వేస్తాం. గొంతు దగ్గరికి వచ్చేసరికి మనం చెవిటివాళ్లం. స్పానిష్‌తో ఇది మరీ కష్టం. 20 దేశాల్లో అధికార భాష, ఊరికో యాస. ‘నువ్వు’ అనడానికే బ్యూనస్ ఎయిరెస్‌లో ‘వోస్’ అంటారు, మెక్సికో సిటీలో ‘తూ’ అంటారు.

కొలంబియా డ్రగ్ ముఠాల మీద వచ్చిన ‘నార్కోస్’ సిరీస్‌నే తీసుకోండి. 2015లో వచ్చినప్పుడు డ్రగ్ ముఠా నాయకుడు పాబ్లో ఎస్కోబార్‌గా వాగ్నర్ మౌరాను మనం నెత్తిన పెట్టుకున్నాం. ఆయనది బ్రెజిల్, మాతృభాష పోర్చుగీస్. ఈ పాత్ర కోసమే ఎస్కోబార్ ఊరైన కొలంబియాలోని మెడెయిన్ వెళ్లి, అక్కడి యూనివర్సిటీలో చేరి స్పానిష్ నేర్చుకున్నాడు. ఆ శ్రమకు దండం పెట్టాల్సిందే. అయినా కొలంబియాలో ఆయన యాస మీద జోకులు ఆగలేదు. ఆ ఇంటి సంగతి చూడండి. మెడెయిన్‌లో పుట్టి పెరిగిన కుటుంబం అని కథ చెబుతుంది. కొడుకు బ్రెజిల్ నటుడు, భార్యగా చేసిన పౌలీనా గైతాన్‌ది మెక్సికో, తల్లిగా చేసిన పౌలీనా గార్సియాది చిలీ. సిరిసిల్లలో ఒక ఇల్లు చూపించి, అందులో తల్లి కర్నూలు యాసలో, కోడలు భీమవరం యాసలో, కొడుకు బళ్లారి నుంచి నిన్ననే దిగినట్టు మాట్లాడితే మనం ఎంతసేపు కూర్చుంటాం? మనకు మాత్రం అదంతా ‘అద్భుతమైన నటన’.

నటనకు భాషతో పనిలేదని వాదించేవాళ్లున్నారు. 2024లో కాన్ ఫిల్మ్ ఫెస్టివల్ జ్యూరీ ‘ఎమీలియా పెరెజ్’లోని నలుగురు నటీమణులకు కలిపి ఉత్తమ నటి అవార్డు ఇచ్చింది, అందులో సెలీనా కూడా ఉంది. పైగా ఆమె పాత్రను అమెరికా అమ్మాయిగా మలిచారు కాబట్టి యాస తేడాగా ఉంటే తప్పేముంది అంటారు.

సరే, అమెరికాలో పెరిగిన పిల్ల స్పానిష్ ఎలా ఉంటుంది? డల్లాస్‌లో పుట్టిన మన పిల్లల తెలుగు విన్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. అది వంటింట్లో నేర్చిన భాష. వాక్యం సగంలో ఇంగ్లిష్‌లోకి జారిపోతుంది, తిట్టు మాత్రం అమ్మమ్మ తిట్టినట్టే వస్తుంది. ఈ సినిమాలో ఆమె మాటలో ఆ సహజత్వం లేదు. ఫోన్‌లో ఆమె చెప్పే ఒక పచ్చి డైలాగు మెక్సికోలో మీమ్ అయి కూర్చుంది, అలా మాట్లాడేవాళ్లు అక్కడ లేరు కాబట్టి. తనకిచ్చిన టైమ్‌లో చేతనైనంత చేశానని సెలీనా అంది, నేను నమ్ముతాను. తప్పు ఆమెది కాదు, రాసినవాళ్లది. నోట్లో పట్టని మాట ఇచ్చి బాగా పలకమంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు?

నోట్లో పట్టే రాత ఎలా ఉంటుందో చూడాలంటే అర్జెంటీనా వెళ్లాలి. 2010లో ఆస్కార్ గెలిచిన ‘ఎల్ సెక్రెతో దె సుస్ ఓహోస్’లో రికార్దో దారీన్ రిటైరైన కోర్టు ఉద్యోగి. ఒక రాత్రి నిద్రలోంచి లేచి కాగితం మీద ‘తెమో’ (temo) అని గిలికి మళ్లీ పడుకుంటాడు. ‘భయపడుతున్నాను’ అని అర్థం. ఆయన ఆఫీసులో వాడిన పాత టైప్ మిషన్‌లో ‘ఎ’ (A) అక్షరం పడదు. సినిమా పొడవునా దాన్ని ఒక చిన్న జోకులా నడిపిస్తారు. చివర్లో ఆయన ఆ కాగితం తీసి మధ్యలో ఒక ‘ఎ’ చేరుస్తాడు. ‘తె ఆమో’ (te amo), నిన్ను ప్రేమిస్తున్నాను. పాతికేళ్లు నోరు విప్పని మనిషి కథ మొత్తం ఆ ఒక్క అక్షరంలో ఉంది. దీన్ని ఏ సబ్‌టైటిల్ మోస్తుంది? నేను మొదటిసారి చూసినప్పుడు ఆ కాగితాన్ని అసలు పట్టించుకోలేదు. స్పానిష్ తెలిసిన ఒక మిత్రుడు చెబితే వెనక్కి తిప్పి చూశాను.

స్పానిష్‌కు స్పానిష్ సబ్‌టైటిల్ వేసిన ఘనత కూడా ఉందండోయ్. మెక్సికో దర్శకుడు అల్ఫోన్సో క్వరోన్ సినిమా ‘రోమా’ను స్పెయిన్‌లో విడుదల చేసినప్పుడు మెక్సికో మాటలు అక్కడివాళ్లకు అర్థం కావేమోనని నెట్‌ఫ్లిక్స్ వాటిని స్పెయిన్ స్పానిష్‌లోకి మార్చి కింద వేసింది. ‘మమా’ అంటే ‘మాద్రె’ అని రాశారు! ‘గన్సీతో’ అనే మెక్సికో చిరుతిండిని ‘గంచీతో’ అనే వేరే తిండి చేశారు. ఇది స్పెయిన్ ప్రేక్షకులకే అవమానమని క్వరోన్ మండిపడ్డాక 2019 జనవరిలో తీసేశారు. అమ్మను అమ్మ అననివ్వడానికి ఒక ఆస్కార్ విజేత పేపర్‌కెక్కాల్సి వచ్చింది.

ఇదంతా చదువుతూ మనం ముసిముసిగా నవ్వుకోనక్కర్లేదు. దొంగల కథగా వచ్చిన స్పెయిన్ సిరీస్ ‘మనీ హైస్ట్’లోని ప్రొఫెసర్ మన టీవీల్లో తెలుగులో మాట్లాడాడు. అర్జెంటీనావాడైన పలెర్మోకూ స్పెయిన్ దొంగలకూ మాటలో ఉన్న తేడా డబ్బింగ్‌లోకి ఎలా వస్తుంది? అది పరాయి సరుకు, పోనిద్దాం. మన సినిమాల్లో ఎన్నేళ్లు తెలంగాణ యాసను కామెడీకి, సీమ యాసను కత్తికి కేటాయించారు? తెలుగు రాని సాయిపల్లవి 2017లో ‘ఫిదా’కు తన గొంతుతో తెలంగాణ యాస పలికితే జనం ఎలా కదిలారో చూశాం. ‘బలగం’ వచ్చాక ఊళ్లకు ఊళ్లే తెరలు కట్టుకుని చూశాయి. అయినా మిగతాచోట్ల అరువు గొంతే రాజ్యం. హీరోయిన్ ముఖం ముంబైది, గొంతు చెన్నైది, పాత్రది మాత్రం పల్నాడు. రివ్యూలో ‘భావోద్వేగ సన్నివేశాల్లో జీవించింది’ అని రాసేస్తాం. ఎవరు జీవించారు, తెర మీద ఉన్నావిడా, మైక్ ముందు నిలబడినావిడా?

నటనను మెచ్చుకునే పేరాలో డబ్బింగ్ చెప్పినవారి పేరు ఒక్క లైన్‌లో వేద్దామని వెనకటికి నేను పనిచేసిన చోట అడిగాను. చోటు చాలదన్నారు. మర్నాడు వచ్చిన రివ్యూలో హీరోయిన్ చీరల గురించి నాలుగు లైన్లున్నాయి.