చీమకుర్తి గెలాక్సీ బ్లాకు దొరవారికి విన్నపం

మహారాజశ్రీ గెలాక్సీ బ్లాకు దొరవారి సముఖానికి,

నల్లని ఒంటి మీద బంగారు చుక్కలతో, గ్రానైటు రాయిగా తమరు మా ప్రకాశం జిల్లా చీమకుర్తి నేలలో వెలిశారు. ఆ భాగ్యానికే మేమింకా తేరుకోలేదు.

తమరి ప్రయాణం చూస్తే అసూయ పుడుతుంది. డైమండ్ వైరుతో కోస్తారు, క్రేనుతో లేపుతారు. కొనేవాడు నీళ్లు కొట్టించి, బీటలు వెతికి, గుర్తు వేసి పోతాడు. కోయని బండగానే లారీ ఎక్కితే కృష్ణపట్నమో చెన్నయో, అక్కడి నుంచి చైనా. మాకు మిగిలేది వేబిల్లు నకలు.

3 మీటర్ల పొడవు, 1.8 ఎత్తు, 1.5 మందం ఉంటే తమరు 8.1 ఘనమీటర్లు, సుమారు 24 టన్నులు. గ్యాంగ్‌సా (బండను పలకలుగా కోసే పెద్ద రంపపు యంత్రం) మీద 2 సెంటీమీటర్ల పలకలు తీస్తే ఒక్కో కోతకు 7 మిల్లీమీటర్లు పొడైపోయినా 55 పలకలొస్తాయి, అంటే దాదాపు 300 చదరపు మీటర్లు. కోత, పాలిష్, అంచు, ప్యాకింగు... ఆ కూలి డబ్బంతా తమరితోనే ఓడెక్కుతుంది.

ఇక్కడ ఫ్యాక్టరీలు లేవని కాదు. ఉన్నవాడి అవస్థ వినండి. బండ ఎక్కించాక గ్యాంగ్‌సా రోజుల తరబడి ఆగకుండా నడవాలి. మధ్యలో కరెంటు పోతే స్టీలు గుళ్లు, సున్నం కలిసిన బురద అడుక్కి దిగి కోత తేడా కొడుతుంది. పైకి కనపడని బీట కోశాక బయటపడితే నష్టం కోసినవాడిదే. ఆ బురద ఎక్కడ పోయాలో, బ్యాంకు వడ్డీ ఎలా కట్టాలో వేరే చింత. క్వారీ వాడికి ఇవేవీ లేవు, గుర్తు పడగానే బేరం తెగింది. పెట్టుబడి ఏ దారిన పోతుందో వేరే చెప్పాలా? సీనరేజి (రాయి తవ్వినందుకు ప్రభుత్వానికి కట్టే రుసుము) కూడా తవ్విన పరిమాణం మీదే, తమరు పలకగా వెళ్లినా బండగా వెళ్లినా ఖజానాకు ఒకటే.

నేలలోంచి తీసి ముడిగా అమ్మే తమ బంధువర్గమూ ఇంతే. నెదర్లాండ్స్‌లో 1959లో గ్రోనింగెన్ గ్యాస్ దొరికాక కరెన్సీ బలపడి, మిగతా ఎగుమతులు గిట్టుబాటు కాక ఫ్యాక్టరీలు కుంగాయి. 1977లో దానికి 'డచ్ జబ్బు' అని పేరు పెట్టారు. నైజీరియా ముడి చమురు అమ్ముతూ దశాబ్దాల పాటు పెట్రోలు కొనుక్కుంది. బోట్స్‌వానా ఇంకాస్త తెలివైనది, 2013లో డి బీర్స్ కంపెనీ వజ్రాల అమ్మకాన్ని లండన్ నుంచి తన రాజధాని గాబొరోనికి రప్పించుకుంది. అయినా వజ్రాల గిరాకీ పడిపోగానే 2024లో దాని ఆర్థిక వ్యవస్థ కుంచించుకుపోయింది.

నిషేధిస్తే సరా అంటే, ఇండోనేషియా 2020 జనవరిలో ముడి నికెల్ ఎగుమతి ఆపింది. ఖనిజాన్ని కరిగించే స్మెల్టర్లు లేచాయి నిజమే. పెట్టుబడి ఎక్కువగా చైనాది, కరెంటు బొగ్గుది.

కాబట్టి తమరిని ఆపమని అడగం, అంత సాహసం లేదు. నిలకడైన కరెంటు, బురదకు ఒక చోటు, బీట నష్టంలో క్వారీకీ వాటా, పరిమాణం బదులు ధర మీద సీనరేజి. వీటి గురించి పెద్దల చెవిన ఒక మాట వేయండి. తమరి మాటైతే వింటారు.

ఇట్లు,
తమ బరువు కింద నలుగుతున్న ప్రకాశం జిల్లా పాలిషింగ్ షెడ్లవాళ్లు