పాట కావాలి, భాష వద్దా?

స్పెయిన్‌లో బార్సిలోనా రాజధానిగా ఉన్న కేటలోనియా ప్రాంతపు భాష కేటలాన్. దాన్ని అధికార భాషల్లో చేర్చమని స్పెయిన్ 2023 ఆగస్టులో యూరోపియన్ యూనియన్‌ను అడిగింది. 2025 మేలో వాయిదా, జులైలో మళ్లీ వాయిదా. ఓటింగ్ పెట్టరు, కుదరదని మొహం మీద చెప్పరు. 'భిన్నత్వంలో ఏకత్వం' తన నినాదమని చెప్పుకునే సంస్థ చేసే పని ఇదా?

ఖర్చు పెరుగుతుంది, చట్టపరమైన చిక్కులున్నాయి, రేపు ఇంకొకరు అడుగుతారు అన్నవి కొన్ని దేశాల అభ్యంతరాలు. ఖర్చు తానే భరిస్తానని స్పెయిన్ చెప్పాక మొదటిది తేలిపోయింది. మిగతావి సాకులు. ఐదారు లక్షల జనం ఉన్న మాల్టా భాషకు 2004లోనే హోదా వచ్చింది. రావాల్సిందే. మరి కోటి మందికి అటూ ఇటుగా మాట్లాడే భాషకు ఏమొచ్చింది?

ఈ భాష ఎవరి దయ వల్లా బతకలేదు. అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిరిస్‌లో చకబూకో వీధిలోని కేటలాన్ సంఘానిది 1886 నాటి చరిత్ర. బతుకుతెరువుకు ఓడెక్కినవాళ్లు పెట్టుకున్నది. ఆ భవనంలోనే నాటకశాల ఉంది. మెక్సికో సిటీలో 1906లో పుట్టిన బృందగాన సంఘం ఇప్పటికీ నడుస్తోంది. ఇలాంటి చోట్ల క్రిస్మస్‌కి గొర్రెల కాపర్ల నాటకం వేస్తారు, చేయీ చేయీ పట్టుకుని గుండ్రంగా సర్దానా ఆడతారు. అర్జెంటీనాలో పుట్టిన పిల్లను వ్యాకరణం పుస్తకం ముందు కూర్చోబెడితే పారిపోతుంది. అదే కాపరి వేషం ఇస్తే డైలాగులు కంఠతా పట్టాల్సిందే. కోరస్ రిహార్సల్‌లో ఒక్క అక్షరం తేడాగా పలికినా పక్కనున్న పెద్దావిడ ఊరుకోదు. వలస కుటుంబాల్లో మూడో తరానికి భాష అందేది ఇలాగే, బడిలో కాదు.

స్పెయిన్ అంతర్యుద్ధంలో నియంత ఫ్రాంకో గెలిచిన 1939 తర్వాత కొన్నేళ్లపాటు బార్సిలోనాలోనే కేటలాన్ నాటకానికి అనుమతి లేదు. సొంతగడ్డ మీద బహిరంగంగా జరుపుకోలేని కవితల పోటీని ప్రవాసులు 1941లో బ్యూనస్ ఎయిరిస్‌లో మొదలుపెట్టి, ఊరూరా తిప్పుతూ 1977 దాకా నడిపారు.

1971లో సెల్లో విద్వాంసుడు పౌ కజాల్స్ 94 ఏళ్ల వయసులో ఐక్యరాజ్యసమితిలో తాను కేటలాన్‌నని చెప్పుకుని, తమ జానపద పిట్టల పాట వాయించారు. ప్రపంచం చప్పట్లు కొట్టింది. 1973లో ప్యూర్టోరికోలో కన్నుమూస్తే, 1979లో అస్థికలు సొంతూరికి తెచ్చారు. బ్యూనస్ ఎయిరిస్ నాటకశాలకు ఏ నటి పేరు పెట్టారో ఆ మార్గరీటా షిర్గు 1969లో ఉరుగ్వేలో పోయారు. ఆమె అవశేషాలు 1988లో తిరిగొచ్చాయి. అస్థికలకు స్వాగతం, చప్పట్లకు కొదవ లేదు. భాషకు మాత్రం ఫైలు ఇంకా పరిశీలనలోనే ఉంది! ఇది కపటం కాకపోతే మరేమిటి?

స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌దీ తక్కువ నిర్వాకం కాదు. ప్రధాని సాంచెజ్ ప్రభుత్వానికి కేటలాన్ పార్టీల ఓట్లు అవసరమైన వారంలోనే ఈ దరఖాస్తు కదిలింది. దశాబ్దాలుగా లేని శ్రద్ధ అప్పుడు పుట్టుకొచ్చిందన్నమాట. అక్కడి ప్రతిపక్షం సొంత దేశపు భాషకు అడ్డం పడమని ఇతర రాజధానుల్లో మంతనాలు సాగించింది. వీళ్లు భాషను బేరానికి పెట్టారు, వాళ్లు దాన్ని చెడగొట్టారు.

వద్దనుకునే దేశాలు చేయెత్తి వద్దనాలి, ఏ దేశం వద్దందో జనానికి తెలియాలి. ఇరవై ఏడు దేశాల మంత్రులు కూర్చుని ఒక్క ఓటింగ్ పెట్టలేకపోతే, ఆ నినాదాన్ని గోడల మీంచి చెరిపేసుకోండి.