వెనక డిస్కులు వేయించినంత మాత్రాన బాలెనో సగం దూరంలో ఆగదు

మారుతి బాలెనో ఉన్నవాళ్ల మధ్య ఒక సలహా బాగా చేతులు మారుతోంది. దాని సారాంశం ఇది: “బాలెనో ఆర్ఎస్‌కు కంపెనీ నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు ఇచ్చింది, మామూలు బాలెనోకు మాత్రం వెనక డ్రమ్ములతో సరిపెట్టింది. రెండూ ఒకే బండి కాబట్టి ఆర్ఎస్ వెనక డిస్కులు, కాలిపర్లు తెచ్చి బిగిస్తే చాలు, ఆగే దూరం సగమవుతుంది. చిన్నాచితకా తేడాలుంటే ఏబీఎస్ చూసుకుంటుంది. కంపెనీ సామానే కనుక చట్టంతో పేచీ ఉండదు.” డిస్క్ బ్రేకులో చక్రంతో పాటు తిరిగే పళ్లేన్ని కాలిపర్ అనే పట్టు, ప్యాడ్లతో రెండు వైపులా నొక్కుతుంది. డ్రమ్ములో షూలు అనే ముక్కలు మూసి ఉన్న గిన్నె లోపలి గోడకు అదుముకుంటాయి. గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రం తిరగడం ఆగిపోయి జారకుండా, అంటే లాక్ కాకుండా, చూసే ఏర్పాటే ఏబీఎస్.

2017 మార్చిలో వచ్చిన ఆర్ఎస్‌కు ఒక లీటరు టర్బో ఇంజిన్, 102 పీఎస్ శక్తి, నాలుగు చక్రాలకూ డిస్కులు ఉన్న మాట నిజం. బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చిన 2020 నాటికి దాని అమ్మకం ఆగిపోయింది కాబట్టి, ఈ సలహా పాటించేవారు ఎక్కువగా ప్రమాదాల్లో దెబ్బతిన్న బండ్ల నుంచి విప్పిన సామాను మీదే ఆధారపడాల్సి వస్తుంది. అది అలా ఉంచి సలహాలోని మాటలను విడివిడిగా చూడాలి. వాటిలో కొన్ని పూర్తిగా తప్పు, ఒకటి రెండు సగం నిజం. ఆ సగం నిజమే మిగతావాటిని కూడా నమ్మిస్తోంది.

“ఆగే దూరం సగమవుతుంది” అన్నది ఈ సలహాకు ఆయువుపట్టు, అందులో అన్నిటికంటే పెద్ద తప్పు కూడా అదే. బ్రేకు చక్రం వేగాన్ని తగ్గించగలదే గానీ, చివరికి బండి ఎంత దూరంలో ఆగుతుందన్నది టైరుకూ రోడ్డుకూ మధ్య ఉన్న పట్టు మీద ఆధారపడుతుంది. పొడి తారు రోడ్డు మీద మంచి టైరు పట్టును లెక్కల్లో సుమారు 0.8గా తీసుకుంటారు. ఆ పట్టును పూర్తిగా వాడుకుంటే, గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బండి బ్రేకు పట్టిన క్షణం నుంచి దాదాపు 32 మీటర్లలో ఆగుతుంది. అదే బండి 16 మీటర్లలో ఆగాలంటే పట్టు 1.6 ఉండాలి, వెనక చక్రాలకు ఏ బ్రేకు బిగించినా సరే, రోజూ రోడ్డు మీద తిరిగే ఏ కారు టైరూ అంత పట్టు ఇవ్వలేదు.

ఉన్న బ్రేకులకు బలం చాలడం లేదన్న అనుమానం ఉంటే దానికి జవాబు బండిలోనే దొరుకుతుంది. తొలి తరం బాలెనోలో 2015 నుంచీ అన్ని వేరియంట్లకూ ఏబీఎస్‌తో పాటు, ముందు వెనక చక్రాల మధ్య బ్రేకు బలాన్ని పంచే ఈబీడీ కూడా ఇచ్చారు. గట్టిగా బ్రేకు వేసినప్పుడు పెడల్ కాలి కింద గరగరమని అదిరిందంటే, ఏదో ఒక చక్రం లాక్ అయ్యే దశకు చేరిందని, ఏబీఎస్ అక్కడ ఒత్తిడిని వదిలి మళ్లీ పడుతోందని అర్థం. లాక్ చేయగలిగినంత బలం ఆ బ్రేకుల్లో ఇప్పటికే ఉంది, టైరు దగ్గరే పట్టు అయిపోయింది. అక్కడికి మించి బ్రేకు బలం పెంచితే ఏబీఎస్ కాస్త ముందుగా అదరడం మొదలవుతుంది, అంతే.

పైగా ఇక్కడ మార్చమంటున్నది వెనక బ్రేకులను. బ్రేకు వేయగానే బండి బరువు ముందుకు వాలుతుంది. నిలబడి ఉన్నప్పుడు బరువులో 62 శాతం ముందు చక్రాల మీద ఉన్న ఒక చిన్న కారును తీసుకుందాం. దాని చక్రాల మధ్య దూరం 2.5 మీటర్లు, బరువు కేంద్రం ఎత్తు 55 సెంటీమీటర్లు అనుకుంటే, 0.8 పట్టుతో ఆపేటప్పుడు మరో 17 శాతానికి పైగా బరువు ముందుకు మారుతుంది. వెనక చక్రాల మీద మిగిలేది ఐదో వంతు. ఆ ఐదో వంతు బరువు ఇవ్వగల పట్టును వాడుకోవడానికి డ్రమ్ములు ధారాళంగా చాలతాయి. వెనక చక్రాలు ముందుగా లాక్ కాకుండా వాటికి వెళ్లే ఒత్తిడిని ఈబీడీ తగ్గించాల్సి రావడమే అందుకు సాక్ష్యం.

డిస్కుల గొప్పతనం ఒక్క ఊపులో బండిని ఆపడంలో కాదు, మళ్లీ మళ్లీ ఆపాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. ఇదే ఆ సలహాలోని సగం నిజం. డిస్కు గాలికి తెరుచుకుని ఉంటుంది కాబట్టి త్వరగా చల్లారుతుంది, తడిస్తే త్వరగా ఆరుతుంది. మూసి ఉన్న డ్రమ్ములో వేడి నిలిచిపోతుంది. తిరుమల నుంచి తిరుపతికి దిగే ఘాట్ రోడ్డునే చూడండి. ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. ఆ దిగుడంతటినీ బ్రేకుల మీదే నెట్టుకొస్తే వాటిలో పుట్టే వేడి, అదే బండిని గంటకు వంద కిలోమీటర్ల వేగం నుంచి పదిహేడు సార్లకు పైగా పూర్తిగా ఆపినంత. అయితే ఆ వేడిలో సింహభాగం ముందు డిస్కుల మీదే పడుతుంది, బండి కొన్ననాటి నుంచీ అక్కడ ఉన్నవి డిస్కులే. అందుకే ఘాట్‌లో పెడల్ మెత్తబడినవారికి వెనక డిస్కుల వల్ల ఒరిగేది తక్కువ. రెండో గేరులో దిగడం, పాతబడిన బ్రేక్ ఆయిల్ మార్పించడం అంతకంటే ఎక్కువ పని చేస్తాయి. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు. గాలిలోని తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4కు ఆ అంకెలు 230, 155. మరిగిన ఆయిల్‌లో పుట్టిన ఆవిరి బుడగలు ఒత్తిడిని తామే మింగేస్తాయి, పెడల్ నేలకు తగులుతుంది. అప్పుడు వెనక ఉన్నది డ్రమ్మా డిస్కా అన్నదానితో నిమిత్తం ఉండదు.

“ఒకే బండి కాబట్టి బోల్టులు సరిపోతాయి” అన్నది తర్వాతి మాట. బోల్టులు సరిపోవచ్చు. మరలు పట్టినంత మాత్రాన బ్రేకు కుదిరినట్టు కాదు. డ్రమ్ములో షూ ఒకసారి తగిలాక, తిరుగుతున్న డ్రమ్మే ఒక షూను తనకేసి మరింత అదుముకుంటుంది కాబట్టి తక్కువ ఒత్తిడితోనే ఎక్కువ పట్టు వస్తుంది. డిస్కుకు ఆ సాయం లేదు. అందువల్ల ఎంత పీడనం కావాలి, ఎంత ఆయిల్ కదలాలి, ముందు వెనకల మధ్య బలం ఏ పాళ్లలో పంచాలి అన్న లెక్కలన్నీ మారతాయి. ఆ లెక్కల ప్రకారమే కంపెనీ, పెడల్ తొక్కగానే ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ వ్యాసాన్ని, కాలి బలాన్ని పెంచే బూస్టర్ పరిమాణాన్ని, ఈబీడీ తీరును ఎంచుకుంటుంది. సలహా ఇచ్చేవారు వీటిలో ఒక్కదాని పేరైనా ఎత్తడం నేను వినలేదు.

ఇక బిగించే పనికి వస్తే, డిస్కు, కాలిపర్ తెచ్చుకున్నంతలో సామాను పూర్తి కాదు. కాలిపర్‌ను పట్టి ఉంచే బ్రాకెట్, దానికి తగిన హబ్ (చక్రాన్ని బిగించే మధ్య భాగం), బ్రేక్ గొట్టాలు, హ్యాండ్ బ్రేక్ కేబుళ్లు కూడా ఆర్ఎస్‌వే కావాలి. చాలా చిన్న కార్లలో ఏబీఎస్ సెన్సర్ చదివే వలయం హబ్‌తో గానీ డ్రమ్ముతో గానీ కలిసే ఉంటుంది. డ్రమ్ము తీసేస్తే అదీ పోతుంది. కాలిపర్ చక్రం రిమ్ము లోపలి అంచుకు తగలకుండా ఉండాలంటే రిమ్ము కూడా మార్చాల్సి రావచ్చు.

ఇక్కడ ఒక చిన్న పొరపాటు గురించి చెప్పాలి, చిన్నదే గానీ ప్రాణాంతకం. పాత సామానుతో పని చేసేటప్పుడు కుడి కాలిపర్ ఎడమకు, ఎడమది కుడికి బిగించడం అరుదేమీ కాదు, ఎందుకంటే చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, బోల్టులూ పడతాయి. అలా తారుమారైతే, బ్రేక్ ఆయిల్‌లో చిక్కిన గాలిని బయటికి తీసే నిపిల్ కాలిపర్ పైభాగంలో ఉండాల్సింది కిందికి వస్తుంది. ఒకరు పెడల్ కొట్టి పట్టుకుంటే, ఇంకొకరు నిపిల్ వదులు చేసి ఎంతసేపు ఆయిల్ వదిలినా బుడగ రాదు. గాలి పైన చిక్కుకుని ఉంటుంది, సీసాలోకి శుభ్రమైన ఆయిల్ మాత్రమే వస్తుంది. “ఎయిర్ అంతా పోయింది” అని మెకానిక్ నమ్మకంగా చెబుతాడు. పెడల్ మాత్రం స్పాంజిలా ఉంటుంది.

ఇదే ధోరణిలో కొందరు ఇంకో అడుగు ముందుకేసి, ముందు చక్రాలకు పెద్ద కార్ల కాలిపర్లు వేయమంటున్నారు. మాట వరసకు, 51 మిల్లీమీటర్ల పిస్టన్ ఉన్నచోట 54 మిల్లీమీటర్లది పెడితే పిస్టన్ వైశాల్యం 12 శాతం పెరుగుతుంది. పెడల్ మీద అంతే బలానికి ప్యాడ్ల నొక్కుడూ 12 శాతం పెరుగుతుంది. కానీ ప్యాడ్లు అంతే దూరం కదలడానికి ఆయిల్ కూడా 12 శాతం ఎక్కువ వెళ్లాలి, అంటే అదే మాస్టర్ సిలిండర్‌తో పెడల్ మరింత లోతుకు దిగుతుంది. బలం ముందుకు ఒరగడంతో వెనక టైర్ల పట్టు సరిగా వినియోగం కాదు. తొలిసారి నడిపినవారికి “బ్రేకు కసక్కుమని పడుతోంది” అనిపిస్తుంది, ఆ అనుభూతినే మెరుగుదలగా లెక్కవేస్తారు. కొలత టేపు పట్టుకుని ముందు, తర్వాత దూరాలు కొలిచినవారు నాకింతవరకు ఎదురుపడలేదు.

“మిగతాది ఏబీఎస్ చూసుకుంటుంది” అనేవారు ఏబీఎస్‌ను ఎంతటి కొత్త బ్రేకుకైనా తనంతట తాను అలవాటుపడే యంత్రంగా ఊహించుకుంటున్నారు. దాని యూనిట్‌లో ఉండే ప్రోగ్రాం ఒక నిర్దిష్టమైన బండి కోసం రాసినది. ఎంత ఒత్తిడికి ఏ చక్రం ఎంత తగ్గుతుందన్న అంచనా మీదే అది వాల్వులను తెరుస్తుంది, మూస్తుంది. వెనక బ్రేకు స్వభావం మారితే ఆ అంచనా తప్పుతుంది. సెన్సర్ వలయంలోని పళ్ల సంఖ్య తేడా వస్తే యూనిట్ ఆ చక్రం వేగాన్నే తప్పుగా చదువుతుంది. అప్పుడు సాధారణంగా డాష్‌బోర్డు మీద లైటు వెలిగి ఏబీఎస్ తప్పుకుంటుంది. వెనక బలం ఎక్కువైన బండిలో ఏబీఎస్ కూడా లేకపోవడం చాలా ప్రమాదకరం. ముందు చక్రాలు లాక్ అయితే బండి నేరుగా జారుతుంది, వెనకవి ముందుగా లాక్ అయితే గిర్రున తిరుగుతుంది. ఏబీఎస్ లేని కార్లలో వెనక ఇరుసు ముందు ఇరుసు కంటే ముందుగా లాక్ కాకూడదని ఐక్యరాజ్యసమితి ఆర్13-హెచ్ నిబంధన పట్టుబట్టేది ఇందుకే.

“కంపెనీ పిసినారితనం వల్లే డ్రమ్ములు” అన్న ఆరోపణలో కొంత నిజముంది. డ్రమ్ముకు ఖర్చు తక్కువే. కానీ ఖర్చు ఒక్కటే కారణమైతే ఫోక్స్‌వ్యాగన్ తన విద్యుత్ కార్లు ఐడీ.3, ఐడీ.4లకు వెనక డ్రమ్ములు పెట్టి ఉండేది కాదు. మోటారే బండి వేగాన్ని తగ్గించే ఆ కార్లలో వెనక బ్రేకులకు పని తక్కువ; అంతగా వాడని డిస్కు తుప్పు పడుతుంది, మూసి ఉన్న డ్రమ్ము పట్టదు. మన దేశంలో 2021లో వచ్చిన టైగున్, కుషాక్ కూడా వెనక డ్రమ్ములతోనే వచ్చాయి, వాటి ధర బాలెనో కంటే ఎక్కువ.

చట్టం సంగతి అనుకున్నంత తేలిక కాదు. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్నవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌ను కచ్చితంగా పాటించాలని తీర్పునిచ్చింది. “ఆర్‌సీలో బ్రేకుల గడే లేదు కదా” అని వాదించేవారున్నారు. ఆ వాదనను కొట్టిపారేయలేం. కానీ 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ(4) విడిభాగాల అమరికను ప్రత్యేకంగా ప్రస్తావిస్తూ, అనుమతి లేని ఒక్కో మార్పుకూ ఐదు వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ విధించవచ్చంటోంది. ఆర్ఎస్ బ్రేకులకు పరీక్షలో ఆమోదం దొరికింది ఆర్ఎస్ మీద. మీ బండి మీద కాదు. బీమా కంపెనీకి చెప్పకుండా బ్రేకులు మార్చిన బండి ప్రమాదానికి గురైతే, క్లెయిమ్‌ను ప్రశ్నించడానికి సర్వేయరుకు ఇంతకంటే మంచి సాకు దొరకదు.

ఇలా మార్చిన బండ్లు సెకండ్ హ్యాండ్‌లో అమ్మకానికి వస్తూనే ఉంటాయి. వెనక డిస్కులున్న బాలెనో కనబడితే ముందుగా ఆర్‌సీలో అది ఆర్ఎస్ అవునో కాదో చూడాలి. కాకపోతే వెనక కాలిపర్ల నిపిళ్లు రెండూ పైవైపే ఉన్నాయా, తాళం తిప్పగానే ఏబీఎస్ లైటు వెలిగి ఆ తర్వాత ఆరుతోందా అన్నవి గమనించాలి. లైటు అసలు వెలగకపోతే దాన్ని కావాలని తీసేసి ఉండొచ్చు. తర్వాత ఏటవాలు ఫ్లైఓవర్ మీద కాకుండా, రద్దీ లేని చిన్న ఎగుడులో బండిని న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ ఒక్కటే లాగి, కాలిని బ్రేకు పెడల్ పైనుంచి నెమ్మదిగా తీసి, బండి కదలకుండా నిలుస్తోందో లేదో చూడాలి.